గేర్‌బాక్సు వాంగ్మూలం

మా నాన్నకి నాలుగేళ్ళ కిందట ఎడమ వైపు పక్షవాతం వచ్చింది. చాలావరకు కోలుకున్నాడు. మాట వచ్చింది, చెయ్యి వచ్చింది, ఎడమ కాలు మాత్రం సగమే వచ్చింది. టెలిఫోన్ డిపార్ట్‌మెంటులో ముప్ఫై ఏళ్ళు కేబుల్ జాయింట్లతో కుస్తీ పట్టిన మనిషి ఇంట్లో కూర్చుని టీవీ రిమోట్‌తో కుస్తీ పట్టడం చూడలేక, డాక్టరు సరేనన్నాక, సెకండ్ హ్యాండ్‌లో ఒక ఆటోమేటిక్ కారు కొన్నాను. క్లచ్ లేదు కాబట్టి ఎడమ కాలితో పని లేదు. మొదట కాలనీలో రెండు రౌండ్లు, తర్వాత రైతుబజారు, తర్వాత కూకట్‌పల్లిలో మా పిన్ని వాళ్ళ ఇల్లు. ఆయన ప్రపంచం మళ్ళీ మెల్లగా పెద్దదవడం మొదలైంది.

పోయిన వానాకాలం ఒక సాయంత్రం భరత్‌నగర్ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే బండి ఒక్క కుదుపు కుదిపింది. ఆ తర్వాత గేరు మారడం మానేసింది. డాష్‌బోర్డు మీద పసుపు దీపం. వెనక సిటీ బస్సు హారన్. మూడో గేరులోనే మూలుగుతూ, ఎలాగో ఫ్లైఓవర్ దిగాం. ఇంటికొచ్చాక నాన్న తాళంచెవి టీవీ పక్కన పెట్టి, "నా కాలే ఏదో అడ్డం వచ్చుంటుందిరా" అన్నాడు. మర్నాడు ముట్టుకోలేదు. ఆ వారమంతా ముట్టుకోలేదు.

కాబట్టి ఆ పసుపు దీపం ఎందుకు వెలిగిందన్నది నాకు రిపేరు ప్రశ్న మాత్రమే కాదు. తప్పు ఎవరిది అనే ప్రశ్న. కాలిదా, కారుదా?

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. అర్ధరాత్రి ప్రొడక్షన్ సర్వర్ పడిపోతే లాగ్స్ చదివి కారణం వెతకడం నా ఉద్యోగం. కారు కూడా లాగ్ రాసుకుంటుందని తెలుసు. దాన్ని చదివితే సరిపోతుందనుకున్నాను. సరిపోలేదు. ఎందుకు సరిపోలేదో అర్థం చేసుకోడానికి గేర్‌బాక్సు అసలు ఎప్పుడు మాట్లాడటం నేర్చుకుందో, ఎవరికోసం నేర్చుకుందో వెనక్కి వెళ్ళి చూడాల్సి వచ్చింది.

నూనె లెక్క

జనం కొనుక్కునేలా పెద్ద ఎత్తున తయారైన మొదటి పూర్తి ఆటోమేటిక్ గేర్‌బాక్సు హైడ్రా-మాటిక్. జనరల్ మోటార్స్‌లో ఎర్ల్ థాంప్సన్ అనే ఇంజనీరు బృందం తయారుచేసింది. 1939 అక్టోబరులో, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబీల్ కార్లతో బయటికొచ్చింది. అదనంగా 57 డాలర్లు కడితే క్లచ్ పెడల్ లేని కారు.

అందులో ఇంజనుకీ గేర్లకీ మధ్య ఉన్న ముఖ్యమైన భాగం కారు కోసం పుట్టింది కాదు. హెర్మాన్ ఫ్యోటింగర్ అనే జర్మన్ ఇంజనీరు ఓడల కోసం ఆలోచించి, 1905లో పేటెంటు తీసుకున్న సంగతి అది. ఆవిరి టర్బైన్ చాలా వేగంగా తిరుగుతుంది, ఓడ ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరగాలి. రెంటి మధ్యా ఇనప పళ్ళ బదులు ద్రవాన్ని పెడితే? ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు పెట్టి ఒకటి ఆన్ చేస్తే ఆ గాలికి రెండోది తిరుగుతుంది కదా, అలాగే. గాలి బదులు నూనె.

అయితే నన్ను ఆశ్చర్యపరిచింది ఆ ఫ్యాన్లు కాదు. గేరు ఎప్పుడు మార్చాలో ఎవరు నిర్ణయిస్తారు? 1939లో కారులో పెట్టే కంప్యూటర్ లేదు. ఆ నిర్ణయం కూడా నూనే తీసుకునేది. బండి వేగం పెరిగేకొద్దీ గవర్నర్ అనే భాగంలో బరువులు బయటికి జరిగి ఒక నూనె ఒత్తిడిని పెంచుతాయి. యాక్సిలరేటర్ ఎంత తొక్కితే అంతగా ఇంకో ఒత్తిడి పెరుగుతుంది. ఈ రెండూ ఒక చిన్న వాల్వుకి చెరో పక్క నుంచి తోస్తాయి. వేగం ఒత్తిడి గెలిస్తే పై గేరు. కాలి ఒత్తిడి గెలిస్తే ఉన్న గేరే. అంటే మేం కోడ్‌లో 'ఇఫ్' అని రాసే ముక్కని వాళ్ళు ఇనుములో చెక్కి, నూనెతో నడిపారన్నమాట. వాల్వ్ బాడీ అనే ఆ లోహపు పలకలో చీమల పుట్టలాంటి దారులు కనిపిస్తాయి. ప్రతి దారీ ఒక షరతు.

ఈ యంత్రం వెంటనే యుద్ధానికి వెళ్ళింది. ఎం5 స్టూవర్ట్, ఎం24 చాఫీ అనే అమెరికన్ తేలిక ట్యాంకుల్లో రెండేసి క్యాడిలాక్ ఇంజన్లకి హైడ్రా-మాటిక్‌లు తగిలించారు. యుద్ధం అయ్యాక ఇంకో పనికి వచ్చింది. కాళ్ళు పోగొట్టుకుని తిరిగొచ్చిన సైనికులు కారు కొనుక్కోడానికి 1,600 డాలర్ల దాకా ప్రభుత్వం ఇచ్చేలా 1946లో అమెరికన్ కాంగ్రెస్ చట్టం చేసింది. అలాంటి వాళ్ళకి క్లచ్ లేని కారు ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. ఆటోమేటిక్ అంటే బద్ధకస్తుల బండి అని మా ఆఫీసులో వేళాకోళం చేసేవాళ్ళకి నేనిప్పుడు ఈ సంగతి చెప్తున్నాను.

ఆ రోజుల్లో గేర్‌బాక్సుకి జబ్బు చేస్తే మెకానిక్ ఏం చేసేవాడు? నూనె పుల్ల బయటికి లాగి రంగు చూసేవాడు, వాసన చూసేవాడు. మాడు వాసన వస్తే లోపల క్లచ్ పలకలు కాలాయని అర్థం. తర్వాత ప్రెషర్ గేజ్ తగిలించి ఏ దారిలో ఎంత ఒత్తిడి ఉందో చూసేవాడు. ఆ తర్వాత బండి నడిపి, ఏ వేగంలో కుదుపు వస్తుందో ఒంటితో పసిగట్టేవాడు. గేర్‌బాక్సు ఏమీ చెప్పదు. నాడి పట్టుకుని తెలుసుకోవాలి. ఇందులో రొమాన్స్ ఏమీ లేదు, పొరపాట్లు బోలెడు. కానీ ఒక గుణం ఉంది. నిర్ధారణ చేసేవాడికి తను ఊహిస్తున్నానని తెలుసు.

రెండు బిట్లు, నాలుగు గేర్లు

1973లో చమురు సంక్షోభం వచ్చింది. 1975లో అమెరికా, కంపెనీలు అమ్మే కార్ల సగటు మైలేజీ ఇంత ఉండాలని చట్టం తెచ్చింది. నూనెతో చేసే లెక్క తప్పు కాదు గాని, మొరటు. ఇంజను వేడి ఎంత, ఎత్తు ఎక్కుతున్నామా దిగుతున్నామా, డ్రైవరు నెమ్మదస్తుడా దూకుడు మనిషా, ఇవన్నీ దానికి పట్టవు. అప్పటికే ఇంజన్లలోకి వచ్చిన ఎలక్ట్రానిక్స్ 1980లలో గేర్‌బాక్సులోకీ దిగింది.

దిగడమంటే నూనెని తీసెయ్యడం కాదు. బలం నూనెదే, క్లచ్ పలకల్ని నొక్కేది ఇప్పటికీ నూనే. నిర్ణయం మాత్రం కరెంటు చేతికి వెళ్ళింది. వాల్వులకి సోలనాయిడ్లు తగిలించారు. సోలనాయిడ్ అంటే తీగ చుట్ట మధ్యలో ఇనప పుల్ల. కరెంటు ఇస్తే పుల్ల కదులుతుంది, నూనె దారి మూసుకుంటుందో తెరుచుకుంటుందో అవుతుంది. అంతే.

ఆ కాలపు టొయోటా నాలుగు గేర్ల డిజైన్ ఒకటి చూసి నేను నిజంగా ముచ్చటపడ్డాను. గేర్లు మార్చడానికి రెండే సోలనాయిడ్లు. మొదటిది ఆన్, రెండోది ఆఫ్ అయితే ఒకటో గేరు. రెండూ ఆన్ అయితే రెండు. మొదటిది ఆఫ్, రెండోది ఆన్ అయితే మూడు. రెండూ ఆఫ్ అయితే నాలుగు. రెండు బిట్లు, నాలుగు గేర్లు. కాలేజీలో మొదటి సంవత్సరం చెప్పే ట్రూత్ టేబులే.

ఈ పట్టికలో చివరి వరస మళ్ళీ చూడండి. రెండూ ఆఫ్ అయితే బండి ఆగిపోదు, పై గేరులో ఉంటుంది. అంటే వైరు తెగినా, కంప్యూటర్ చచ్చిపోయినా, మిమ్మల్ని నడిరోడ్డు మీద వదిలెయ్యకుండా ఎలాగో ఇంటికి చేర్చే గేరు ఒకటి ఉంటుంది. కంపెనీని బట్టి ఆ గేరు రెండోది కావచ్చు, మూడోది కావచ్చు. దీన్నే లింప్ మోడ్ అంటారు, కుంటినడక. అంతేకాదు, సర్క్యూట్‌లో ఏదో తేడాగా ఉందని కంప్యూటర్ గమనిస్తే, తప్పుడు గేరు పడి ప్రమాదం జరగకుండా తనే సోలనాయిడ్లకి కరెంటు ఆపేసి కుంటినడకకి మారుతుంది. ఫ్లైఓవర్ మీద మేం మూడో గేరులో మూలుగుతూ దిగామే, అది బండి పాడైపోయిన లక్షణం కాదు. ఎప్పుడో ఎవరో ఇంజనీరు మాకోసం ముందే ఆలోచించి పెట్టిన జాగ్రత్త. ఈ సంగతి చదివిన రాత్రి నాన్నకి చెప్పాను. "కుంటుకుంటూ అయినా ఇంటికి రావాలి కదా మరి" అన్నాడు. అంతకుమించి మాట్లాడలేదు.

ఈ తరం గేర్‌బాక్సులే మొదటిసారి నోరు విప్పాయి. ఆ టొయోటాల్లో బానెట్ కింద ఒక చిన్న పెట్టెలో రెండు పిన్నుల్ని ముక్క వైరుతో కలిపితే, డాష్‌బోర్డు మీద 'ఓవర్‌డ్రైవ్ ఆఫ్' దీపం మిణుకుమిణుకుమంటుంది. ఆరుసార్లు వెలిగి, ఆగి, రెండుసార్లు వెలిగితే 62. అంటే మొదటి సోలనాయిడ్ సర్క్యూట్ తెగిందో షార్ట్ అయిందో. ఆరు, మూడు అయితే రెండో సోలనాయిడ్. నాడి పట్టుకుని చూడాల్సిన రోగి ఇప్పుడు కళ్ళార్పి జవాబు చెప్తున్నాడన్నమాట.

మాట రావడంతోటే అపార్థాలూ వచ్చాయి. 1989 మోడల్‌తో క్రైస్లర్ అల్ట్రాడ్రైవ్ అనే గేర్‌బాక్సు తెచ్చింది. అప్పటికి చాలా ముందడుగు. ప్రతి క్లచ్ నిండటానికి ఎంత నూనె పడుతోందో గమనిస్తూ, అరుగుదలకి తగ్గట్టు తనని తానే సర్దుకునే కంప్యూటర్. కానీ తొలి ఏళ్ళలో దానికి చాలా చెడ్డపేరు వచ్చింది. నిజమైన లోపాలు కొన్ని. రకం కాని నూనె పొయ్యడం వల్ల వచ్చినవి కొన్ని. వీటికి తోడు ఇంకో సంగతి. దాని స్పీడ్ సెన్సర్లూ సోలనాయిడ్ల పెట్టె కూడా గేర్‌బాక్సుకి బయటే బిగించి ఉంటాయి, విప్పకుండానే మార్చుకోవచ్చు. అందులో ఒక్క సెన్సర్ సిగ్నల్ పోయినా కంప్యూటర్ బండిని రెండో గేరులో పడేస్తుంది. నడిపేవాడికి మాత్రం అది గేర్‌బాక్సు చచ్చిపోయినట్టే కనిపిస్తుంది. చిన్న దెబ్బకీ పెద్ద దెబ్బకీ ఒకటే ఏడుపు.

పొగలోంచి వచ్చిన పదహారు పిన్నులు

ఇవాళ మీ కారు స్టీరింగ్ కింద చెయ్యి పెట్టి తడిమితే పదహారు పిన్నుల సాకెట్ ఒకటి తగులుతుంది. మెకానిక్ స్కానర్ పెట్టేది అక్కడే. అది అక్కడికి రావడానికి కారణం గేర్‌బాక్సు కాదు, లాస్ ఏంజలెస్ పొగ.

కాలిఫోర్నియాలో అనాసపండు వాసన ఎక్కడి నుంచి వస్తుందో పరిశోధిస్తున్న ఆరీ హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త, అవే పద్ధతులతో నగరం మీది గాలిని పరీక్షించి, ఆ పొగకి కార్లూ రిఫైనరీలూ వదిలే ఆవిర్లు ఎండకి మారడమే కారణమని 1950ల మొదట్లో తేల్చాడు. తర్వాత కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఏర్పడితే దానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. ఆ బోర్డే కార్లు తమ లోపాల్ని తామే కనిపెట్టి డ్రైవరుకి చెప్పాలని పట్టుబట్టింది. 1988 మోడళ్ళతో మొదటి రూపం వచ్చింది. అప్పటికి ప్రతి కంపెనీదీ ఒక సాకెట్, ఒక భాష. 1996 నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ ఒకే సాకెట్, ఒకే మూల నిఘంటువు తప్పనిసరి అయ్యాయి. ఓబీడీ-2 అనేది అదే. మన దేశంలో మొదటి రూపం 2010లో, రెండోది 2013లో తప్పనిసరి అయ్యాయి.

ఆ నిఘంటువులో 'పి' తో మొదలయ్యేవి ఇంజను, గేర్‌బాక్సు పదాలు. పి07తో మొదలయ్యేవి గేర్‌బాక్సువి. పి0700 అయితే మరీ తమాషా. దానర్థం, గేర్‌బాక్సు కంప్యూటర్ ఇంజను కంప్యూటర్‌తో, "నాకు ఒంట్లో బాలేదు, ఆ దీపం వెలిగించు" అని చెప్పింది అని. ఏం బాలేదో అందులో ఉండదు. పక్కింటివాళ్ళు తలుపు కొట్టి "మా ఇంట్లో గొడవ" అని చెప్పి వెళ్ళిపోయినట్టు. గొడవేంటో తెలియాలంటే గేర్‌బాక్సు కంప్యూటర్‌నే అడగాలి. ఆ అడిగే భాష చాలా కార్లలో కంపెనీ స్కానర్‌కే బాగా వచ్చు.

మరి ఆ స్కానర్ ఎవరి దగ్గర ఉంటుంది? ఇది మన దగ్గర కోర్టు మెట్లెక్కిన ప్రశ్న. విడిభాగాలూ, డయాగ్నస్టిక్ టూల్సూ, రిపేరు సమాచారం బయటి మెకానిక్‌లకి అందనివ్వడం లేదని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి కలిపి 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. వ్యవహారం తర్వాత అప్పీళ్ళలోకి వెళ్ళింది. అంతకుముందు 2012లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఇదే హక్కు మీద ఓటింగ్ పెడితే 80 శాతానికి పైగా జనం మెకానిక్‌ల వైపు నిలబడ్డారు. యంత్రం వాంగ్మూలం ఇస్తుంది, సరే. దాన్ని వినే హక్కు ఎవరికుందన్నది ఇంకా తేలుతూనే ఉంది.

ఆ తగువులు నడుస్తుండగానే చవక రకం బ్లూటూత్ పరికరాలు మార్కెట్‌లో గుట్టలు పడ్డాయి. కెనడాలో ఒక చిన్న కంపెనీ చేసిన ఈఎల్‌ఎం327 అనే చిప్పుకి ఎవరెవరో చేసిన నకళ్ళు చాలావరకు. అలాంటిదొకటి నేనూ ఎనిమిది వందలు పెట్టి కొన్నాను.

బీప్

నా ఫోన్‌లో వచ్చిన కోడ్ పి0753. పక్కనే అర్థం: షిఫ్ట్ సోలనాయిడ్ 'ఎ' ఎలక్ట్రికల్. బండి పెద్ద వర్క్‌షాపుకి తీసుకెళ్తే వాళ్ళ స్కానర్‌లోనూ అదే. సర్వీస్ అడ్వైజర్ అరగంటలో అంచనా చేతికిచ్చాడు. వాల్వ్ బాడీ మొత్తం మార్చాలి, లక్షా నలభై వేలు. బండి కొన్నదే నాలుగున్నర లక్షలకి.

ఆలోచించుకుని చెప్తానని ఇంటికొచ్చేశాను. విమర్శ వ్యాసాలు రాసే అలవాటు ఒకటుంది కదా, ఆ నాలుగు ముక్కల్నీ పద్యం చదివినట్టు మళ్ళీ చదివాను. అడ్వైజర్ చదివింది 'సోలనాయిడ్' దగ్గర ఆగిపోయింది. ప్రాణం ఉన్నది చివరి మాటలో. ఎలక్ట్రికల్. అంటే సోలనాయిడ్ చెడిందని కాదు, దాని విద్యుత్ మార్గంలో ఎక్కడో తేడా ఉందని. ఆ మార్గంలో కంట్రోల్ యూనిట్ ఉంది, కప్లర్లు ఉన్నాయి, మీటరున్నర వైరు ఉంది, చివర్లో సోలనాయిడ్ ఉంది. కంప్యూటర్ తన కాలి దగ్గర నిలబడి చూస్తుంది. తను పంపిన కరెంటు అనుకున్నట్టు పోలేదు, అంతవరకే దానికి తెలుసు. దారిలో ఎవరు అడ్డుకున్నారో తెలీదు.

ఈ ఉత్సాహంలో ఆదివారం మల్టీమీటర్ పట్టుకుని పార్కింగ్‌లోకి దిగాను. గేర్‌బాక్సు దగ్గర కప్లర్ తీసి సోలనాయిడ్ రెసిస్టెన్స్ చూశాను. 13 ఓములు. ఆ రకం సోలనాయిడ్‌కి అది మామూలే. కాబట్టి సోలనాయిడ్ నిర్దోషి. తర్వాత వైరు రెండు చివర్లా మీటరు పెట్టాను. బీప్ అంది. వైరూ నిర్దోషి. మిగిలింది కంట్రోల్ యూనిట్. నాకు భలే గర్వంగా అనిపించింది. పాత కంట్రోల్ యూనిట్ ఎక్కడ దొరుకుతుందా అని ఫోన్‌లో వెతుకుతున్నాను కూడా.

నాన్న కుర్చీ వేసుకుని చూస్తున్నాడు. "లోడ్ పెట్టి చూశావా?" అని అడిగాడు.

"నాన్నా, ఇది ల్యాండ్‌లైన్ కాదు" అన్నాను.

ఆయన కాసేపు కూర్చుని, కర్ర పట్టుకుని లిఫ్ట్ వైపు వెళ్ళిపోయాడు.

బల్బు

కంట్రోల్ యూనిట్ కొనేముందు ఎవరికైనా చూపించమని కొలీగ్ ఒకడు ఎర్రగడ్డ వైపున్న ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి పంపాడు. రేకుల షెడ్డు. యాభై దాటిన మనిషి, అందరూ భాయ్ అంటారు. నా కోడ్ కథ, ఓముల కథ, బీప్ కథ అంతా విన్నాడు.

"కోడ్ గల్లీ పేరు చెప్తది సార్. ఇల్లు నంబర్ మనమే ఎతుక్కోవాలె" అన్నాడు. తర్వాత ఒక ప్రశ్న అడిగాడు. "వాన పడ్డప్పుడు వస్తదా, ఎండల వస్తదా?"

నేను కోడ్ చదివాను గాని ఈ ప్రశ్న వేసుకోలేదు. ఆలోచిస్తే, ఆ ఫ్లైఓవర్ రోజు వాన. తర్వాత రెండుసార్లు వచ్చినప్పుడూ వాన.

ఆయన బ్యాటరీ వోల్టేజీ చూశాడు, ఇంజను ఆన్ చేసి చార్జింగ్ చూశాడు, ఎర్త్ వైర్లు చూశాడు. అన్నీ బాగున్నాయి. ఆ తర్వాత వైరుకి రెండు చివర్లా కప్లర్లు తీసేసి, ఆ ఒక్క వైరునీ బ్యాటరీకీ ఒక బల్బుకీ మధ్యలో పెట్టాడు. బ్రేక్ లైటులో ఉండే మామూలు 21 వాట్ల బల్బు. ముందు పోలికకి పక్క వైరుతో వెలిగించి చూపించాడు. తెల్లగా వెలిగింది. తర్వాత మన వైరు పెట్టాడు. బల్బు ఆరిపోబోయే నిప్పులా ఎర్రగా, నీరసంగా వెలిగింది.

నా మీటరు చెప్పింది అబద్ధం కాదు. బీప్ అనడానికి దానికి చిటికెడు కరెంటు పోతే చాలు, దారిలో పది ఇరవై ఓముల అడ్డం ఉన్నా చాలా మీటర్లు బీప్ అంటాయి. సోలనాయిడ్‌కి కావాల్సింది దాదాపు ఒక ఆంపియర్. ఖాళీగా ఉన్నప్పుడు బాగానే కనిపించే వైరు పని చెప్పేసరికి చేతులెత్తేస్తుంది. లోడ్ పెట్టి చూడటం అంటే ఇదే.

ఇక్కడ చిన్న చరిత్ర. వోల్టులు, ఆంపియర్లు, ఓములు మూడింటినీ ఒకే పెట్టెలో కొలిచే మీటర్లలో పేరు మోసినది ఏవోమీటర్. దాన్ని ఆలోచించిన డొనాల్డ్ మెకాడీ కార్ల మనిషి కాదు. బ్రిటిష్ పోస్టాఫీసులో ఇంజనీరు. టెలిఫోన్ లైన్లు వాళ్ళ కిందే ఉండేవి. లైన్లు సరిచూడటానికి అన్నన్ని పరికరాలు మోసుకుని తిరగలేక ఒక్కదాన్లో పెట్టాడు. 1923లో మార్కెట్‌లోకి వచ్చింది. అంటే నేను ఆదివారం పార్కింగ్‌లో చేతిలో పట్టుకుని విర్రవీగిన మీటరు వంశం టెలిఫోన్ వాళ్ళది. "ఇది ల్యాండ్‌లైన్ కాదు" అని ఒక టెలిఫోన్ మనిషితో అన్నప్పుడు నాకీ సంగతి తెలీదు.

భాయ్ ఒక చేత్తో వైర్ల కట్టని నెమ్మదిగా కదుపుతూ బల్బు వైపు చూస్తున్నాడు. బ్యాటరీ ట్రే కిందికి వచ్చేసరికి బల్బు టపటపలాడింది. టేపు విప్పాడు. వైరు తొడుగు మీద సూది గుచ్చినంత చిల్లు. అక్కడ కోసి చూస్తే లోపల రాగి రాగిలా లేదు. పచ్చగా, ఉప్పులా రాలిపోతోంది.

"ఎవడో టెస్టర్ సూది గుచ్చిండు సార్, ఎన్నడో. కరెంట్ వస్తుందా లేదా చూస్తందుకు. గుచ్చినంక టేప్ ఎయ్యలే."

అంటే మాకు ముందున్న ఓనర్ దగ్గర, ఎప్పుడో, బహుశా వేరే రిపేరు కోసమో, స్టీరియో కోసమో, ఒక చెయ్యి సరైన వైరేదో వెతుకుతూ ఈ వైరుకి సూది గుచ్చింది. ఆ చిల్లులోంచి రెండు మూడు వానాకాలాలు లోపలికి వెళ్ళాయి. జబ్బు ఏదని వెతికిన చెయ్యే ఈ జబ్బు పెట్టింది. ఏ కంపెనీ స్కానర్‌లోనూ దీనికి కోడ్ ఉండదు.

పాడైన ముక్క కోసేసి, కొత్త వైరు అతికి, సోల్డర్ చేసి, స్లీవ్ తొడిగి, టేపు చుట్టి, కోడ్ చెరిపేశాడు. పద్దెనిమిది వందలు తీసుకున్నాడు. రెండు గంటల్లో గంటా యాభై నిమిషాలు వెతకడమే.

వస్తూ ఆ పచ్చబడ్డ ముక్క అడిగి తెచ్చుకున్నాను. సాక్ష్యం కావాలి కదా.

ఇంట్లో నాన్న చేతిలో పెట్టాను. కళ్ళజోడు తీసి, దగ్గరికి పెట్టుకుని చూశాడు. వేలితో నలిపితే రాగి పొడి రాలింది. "జాయింట్ల దగ్గర అంతా ఇదే గొడవ. మీటరుకి బాగానే ఉంటుంది. గంట మోగాల్సి వచ్చేసరికి లైను పడిపోతుంది" అన్నాడు. నేనారోజు అన్న మాట ఆయన ఎత్తలేదు. నేనే ఎత్తి, తప్పయిందన్నాను. విననట్టు ఊరుకున్నాడు.

కాసేపటికి ఆయనే అడిగాడు. "అయితే కాలు కాదన్నమాట."

"కాదు నాన్నా. వైరు."

యంత్రాలు మాట్లాడటం నేర్చుకున్న ఈ ఎనభై ఏళ్ళ కథలో నాకు మిగిలింది ఇదే. గేర్‌బాక్సు నిజమే చెప్పింది, మొదటి నుంచీ. తనకి కనిపించినంత చెప్పింది. తీర్పు చెప్పింది మాత్రం మేం. అడ్వైజర్ వాల్వ్ బాడీ అన్నాడు, నేను కంట్రోల్ యూనిట్ అన్నాను, నాన్న తన కాలు అన్నాడు. ముగ్గురిలో అందరికన్నా తొందరగా తప్పు ఒప్పుకున్నవాడు, ఏ తప్పూ లేనివాడు.

ఆ తర్వాత వానలు రెండు మూడు గట్టిగానే పడ్డాయి. దీపం వెలగలేదు. నాన్న మళ్ళీ రైతుబజారుకి వెళ్తున్నాడు, పిన్ని వాళ్ళింటికీ వెళ్తున్నాడు. భరత్‌నగర్ ఫ్లైఓవర్ మాత్రం ఇంకా ఎక్కలేదు. చుట్టూ తిరిగి వెళ్తున్నాడు. నేనేమీ అనడం లేదు.